రెండు వేళ్ల సందు: బైకు ముందు మడ్‌గార్డు మార్చిన డైరీ

మొదటి రోజు

ముందు చక్రం ఆగిపోయింది. బ్రేకు మీద వేలు లేదు. ఇంజిన్ లాగుతూనే ఉంది, వెనక చక్రం తోస్తూనే ఉంది. బురద ఎక్కుడులో ముందు చక్రం మాత్రం తిరగడం మానేసి, నాగలి కర్రులా నేలని చీల్చుకుంటూ నాలుగడుగులు పోయింది. బండి ఎడమకి ఒరిగింది, నేనూ దాంతోపాటే. దెబ్బలేం తగల్లేదు.

లేచి చూస్తే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందన్నదే లేదు. బంకమట్టి, గడ్డి పరకలు, చిన్న చిన్న రాళ్లు కలిసి గోడకి పూసిన సిమెంటులా గట్టిపడి ఉన్నాయి. కర్రతో పొడిస్తే కర్ర విరిగింది. చివరికి టైరు లివరుతో గోకి గోకి తీశాను. నలభై నిమిషాలు పట్టింది. తర్వాత రెండు వందల మీటర్లు వెళ్లానో లేదో, మళ్లీ అదే కథ. మూడోసారికి మడ్‌గార్డు విప్పేసి బ్యాగుకి కట్టేసుకుని ఇంటికొచ్చాను. దారి పొడుగునా మొహం మీద బురదే.

తప్పు బండిది కాదు. కంపెనీ ఇచ్చిన టైరుతో ఆ సందు రెండు వేళ్లు పట్టేంత ఉండేది. రెండు వారాల క్రితం ఎత్తైన గుబ్బల టైరు వేసుకున్నది నేనే. వేసిన రోజు సందులో ఒక వేలే పట్టింది. "తగలట్లేదుగా, చాల్లే" అనుకుని వదిలేశాను.

మూడో రోజు

మడ్‌గార్డు లేకుండా నడపడం కుదరదు కాబట్టి ఏదో ఒకటి తేల్చాలి. రెండు దారులున్నాయి. ఒకటి ఇప్పుడున్నలాంటిది, అంటే ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని, గతుకుల్లో అణిగే జంట గొట్టాలు) కింది కాళ్లకి బిగించి, చక్రంతో పాటే పైకీ కిందకీ కదిలేది. దీన్ని కింది మడ్‌గార్డు అంటాను. రెండోది హ్యాండిల్ కింద, ఫోర్కు గొట్టాలని పైనా కిందా అడ్డంగా పట్టుకునే రెండు ముక్కల్లో (వీటిని టీలు అంటారు) కింది టీకి బిగించేది. ఇది బండితోనే ఉండిపోతుంది, చక్రమే దాని కిందకి వచ్చి పోతుంటుంది. ఇది పై మడ్‌గార్డు.

తేడా అంతా ఈ బిగింపులోనే ఉంది. కింది మడ్‌గార్డు చక్రంతో కలిసి కదులుతుంది కాబట్టి టైరుకి ఎంత దగ్గరగానైనా పెట్టుకోవచ్చు. పై మడ్‌గార్డుకి ఆ వీలు లేదు. ఫోర్కు ఎంత అణుగుతుందో అంతకంటే ఎక్కువ సందు వదలాల్సిందే. నా ఫోర్కు ప్రయాణం, అంటే అణిగే దూరం, 200 మి.మీ. అంటే బండి స్టాండు మీద ఉండి చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య జానెడు పైన ఖాళీ ఉండాలి. మోటోక్రాస్ (మట్టి ట్రాకు రేసు) బళ్ల మడ్‌గార్డు ముక్కు అంత ఎత్తున ఉండేది స్టైలు కోసం అనుకునేవాణ్ణి. నిజానికి లెక్క కుదరాలంటే అది అక్కడే ఉండాలి.

తయారీదారులు కూడా ఈ విషయంలో ఒక మాట మీద లేరు. యమహా ఎక్స్‌టీ 600 జెడ్ టెనెరే 1983లో పై మడ్‌గార్డుతో వచ్చింది. ఆరేళ్ల తర్వాత వచ్చిన 750 సూపర్ టెనెరేకి కింది మడ్‌గార్డు. హోండా మొదటి ఆఫ్రికా ట్విన్, 1988 నాటిది, అదీ కిందిదే. 2019లో వచ్చిన కేటీఎం 790 అడ్వెంచర్‌లో అయితే ఒకే బండికి రెండూ ఉండేవి. 200 మి.మీ. ప్రయాణం ఉన్న మామూలు మోడల్‌కి కిందిది, 240 మి.మీ. ఉన్న ఆర్ మోడల్‌కి పైది. రోడ్డు ఎక్కువ తిరిగేవాడికి ఒకటి, మట్టిలో దూకేవాడికి ఇంకొకటి అని వాళ్లే విడదీసి ఇచ్చారన్నమాట. మరి రెండూ చేసే నాలాంటివాడి సంగతేంటి?

ఐదో రోజు

ముందు ఖర్చు తక్కువ మార్గం. కింది మడ్‌గార్డునే కొంచెం పైకి లేపాలి. అల్యూమినియం బుష్షులు (బోల్టు చుట్టూ ఎడం కోసం పెట్టే గొట్టపు ముక్కలు) 18 మి.మీ. పొడవున కోయించి, పొడుగు బోల్టులు వేసి బిగించాను. ఇప్పుడు గుబ్బల టైరుతో కూడా రెండు వేళ్లు పడుతున్నాయి.

పని గంటలో అయిపోయింది. చూసుకోవాల్సింది ఇంకొకటుంది. మడ్‌గార్డు పైకి లేస్తే, ఫోర్కు పూర్తిగా అణిగినప్పుడు దాని వెనక అంచు రేడియేటర్ వైపు, బెండు పైపు (ఇంజిన్ ముందు నుంచి వచ్చే పొగ గొట్టం) వైపు వెళ్తుంది. బండి ముందు భాగానికి పట్టీ వేసి గట్టిగా కిందకి లాగి చూశాను. రేడియేటర్ జాలీకి 6 మి.మీ. దూరంలో ఆగింది. తగల్లేదు, అయినా నాకు నచ్చలేదు.

ఎనిమిదో రోజు

అదే ఎక్కుడు, అదే బంకమట్టి, నిన్న రాత్రి వాన కూడా పడింది. ఇంతకుముందు పది నిమిషాల్లో బిగుసుకున్న చక్రం ఈసారి అరగంట తిరిగింది. తర్వాత బిగుసుకుంది.

ఊహించనిది ఇంకోటి జరిగింది. సందు పెద్దదైంది కాబట్టి రాళ్లూ పెద్దవే దూరుతున్నాయి. గోలీకాయంత రాయి ఒకటి టైరు గుబ్బల మధ్య ఇరుక్కుని పైకొచ్చి మడ్‌గార్డు లోపలి అంచుకి తట్టుకుంది. టక్‌మని చప్పుడు, హ్యాండిల్ ఒక్క క్షణం పట్టేసింది. బురద బిగుసుకునేటప్పుడు మెల్లగా బిగుస్తుంది, బండి లాగుడు తగ్గడం ముందే తెలుస్తుంది. రాయి అలా కాదు, చెప్పి రాదు.

మాతో తిరిగే వాళ్లలో వయసులో పెద్దాయన ఒకరున్నారు, ఎన్నో బళ్లు విప్పి బిగించిన చెయ్యి. ఆ రాయి చూసి, "తమ్ముడూ, ఇంక ఈ ప్రయోగాలు చాలు. పైది వేసెయ్. వేసే ముందు ఫోర్కు స్ప్రింగులు తీసి టైరు ఎక్కడిదాకా వస్తుందో చూసుకో. అది చూడకుండా వేశావో, గాల్లోంచి కిందపడిన రోజు ముందు చక్రం లాక్ అవుద్ది" అన్నారు.

"చూస్తానన్నా" అన్నాను. ఆ చూడటానికి ఒక రోజంతా పడుతుందని అప్పుడు తెలీదు.

పన్నెండో రోజు

పై మడ్‌గార్డు వచ్చింది. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్, చేత్తో మెలితిప్పితే మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది. ఇనుప, అల్యూమినియం మడ్‌గార్డులు పడ్డప్పుడల్లా వంగి టైరు మీద కూర్చునే కాలంలో, అమెరికన్ రేసర్ ప్రెస్టన్ పెట్టీ ఇలా వంగి విరగని ప్లాస్టిక్ మడ్‌గార్డులు అమ్మి 1970లలో పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఏ డర్ట్ బైకు చూసినా అదే ప్లాస్టిక్.

అన్ని బళ్లకీ సరిపోతుందని పెట్టె మీద రాశారు. అన్ని బళ్లకీ అంటే ఏ బండికీ సరిగ్గా సరిపోదని అర్థం. నాలుగు రంధ్రాల్లో రెండే నా టీకి కలిశాయి. మిగతా రెండూ నేను కొట్టుకోవాల్సి వచ్చింది. ముందు అట్టముక్క మీద టీ రంధ్రాల గుర్తులు తీసుకుని, దాన్ని మడ్‌గార్డు మీద అతికించి కొట్టాను. నేరుగా కొట్టి ఉంటే ఖచ్చితంగా వంకర పోయేది.

తర్వాత స్ప్రింగుల పని. బండిని ఇంజిన్ కింద స్టాండు పెట్టి, ముందు చక్రం గాల్లోకి లేపాను. పైటీ బోల్టులు వదులు చేసి ఫోర్కు మూతలు తెరిచాను. ఈ మూతల కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. చక్రం మీద బరువు ఉండగా తెరిస్తే మూత మొహం మీదకి ఎగురుతుంది. గాల్లో ఉంచి, అరచేత్తో నొక్కి పట్టుకుని చివరి రెండు మరలు తిప్పాలి. స్ప్రింగులు రెండూ బయటికి తీసి, మూతలు మళ్లీ పెట్టి, చక్రం కింద చిన్న జాకీ పెట్టి మెల్లగా లేపాను. లోపల నూనె ఉంది కాబట్టి ఊరికే పైకి రాదు, ఆగి ఆగి వస్తుంది.

పూర్తిగా అణిగాక కింద పడుకుని టార్చి వేసి చూశాను. టైరు గుబ్బకీ మడ్‌గార్డుకీ మధ్య 16 మి.మీ. ఇంతవరకూ బాగానే ఉంది. మడ్‌గార్డు పట్టుకున్న బోల్టుల తలలు, వాషర్లతో కలిపి, 9 మి.మీ. కిందకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అంటే ఆ నాలుగు చోట్లా మిగిలింది 7 మి.మీ. గుబ్బల టైరు వేగంలో కొంచెం ఉబ్బుతుంది, పైగా దానికి బురద పూత ఉంటుంది. 7 సరిపోదు.

మొదట వచ్చిన ఆలోచన వాషర్లు పెట్టి మడ్‌గార్డుని పైకి జరపడం. రెండు నిమిషాలు ఆలోచించాక నవ్వొచ్చింది. మడ్‌గార్డు టీ కిందే కదా బిగిసేది, మధ్యలో ఏం పెట్టినా కిందకే వస్తుంది, టైరుకి ఇంకా దగ్గరవుతుంది. పైకి పోవడానికి దారి లేదు.

చేసినవి రెండు. పల్చటి తల బోల్టులు వేశాను, ఇప్పుడు వాషరుతో కలిపి 3 మి.మీ. మాత్రమే పొడుచుకొస్తున్నాయి. రెండోది, నా ఫోర్కు గొట్టాలు పైటీ మీద 8 మి.మీ. బయటికి ఉండేవి. టీలు వదులు చేసి వాటిని 5 మి.మీ. కిందకి దించాను. టీకీ చక్రానికీ మధ్య దూరం అంతే పెరిగింది. మడ్‌గార్డు దగ్గర 21, బోల్టుల దగ్గర 18. దీనివల్ల బండి ముందు భాగం కొద్దిగా లేస్తుంది, మలుపులో కొంచెం బద్ధకంగా తిరుగుతుంది. 5 మి.మీ.కి నాకైతే పెద్దగా తెలియలేదు.

హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూశాను. మడ్‌గార్డు వెనక తోక రేడియేటర్ ప్లాస్టిక్‌కి తగులుతోంది. రెండు వేళ్ల వెడల్పు కోసి, అంచు సాండ్‌పేపరుతో నున్నగా చేశాను.

పద్నాలుగో రోజు

బురద పరీక్ష. దీని గురించి రాయడానికి ఏమీ లేదు. చక్రం ఆగలేదు. అదే ఎక్కుడు మూడుసార్లు ఎక్కాను. మట్టి పైకి వచ్చి మడ్‌గార్డు కింద ముద్దలా అంటుకుంటోంది, బరువెక్కి తనే రాలిపోతోంది.

ఇంటికొచ్చి బండి కడుగుతుంటే గుండె ఝల్లుమంది. ముందు బ్రేకు హోస్ మీద, లోపలి వైపు, వేలి గోరంత మేర నల్ల రబ్బరు మెరుస్తోంది. దానిమీద అడ్డంగా గీతలు. టైరు గుబ్బల గీతలు!

పాత మడ్‌గార్డుకి పక్కన ఒక చిన్న క్లిప్పు ఉండేది. హోస్ అందులోంచి వెళ్లేది. మడ్‌గార్డుతో పాటు ఆ క్లిప్పూ పోయింది. ఫోర్కు అణిగినప్పుడల్లా హోస్ విల్లులా వంగి లోపలికి, టైరు మీదకి వచ్చేసింది. ఇంకో రెండు రైడ్లు వెళ్లి ఉంటే ఏమయ్యేదో రాయడం ఇష్టం లేదు. హోస్ మార్చేశాను. పాత క్లిప్పునే ఫోర్కు కాలికి పట్టీతో కట్టి, హోస్ బయటి వైపు నుంచి పోయేలా చేశాను. వీల్ సెన్సర్ వైరు ఉన్నవాళ్లు దాన్నీ చూసుకోవాలి, అది కూడా అదే దారిలో పోతుంది.

పదిహేడో రోజు

వాన, తారు రోడ్డు, నీళ్ల గుంటలు. పై మడ్‌గార్డు అసలు రంగు ఇక్కడ బయటపడింది.

నీళ్లు రెండు చోట్లకి వస్తున్నాయి. ఒకటి నా మొహానికి. చక్రం పైభాగం బండి వేగానికి రెట్టింపు వేగంతో ముందుకి వెళ్తుంటుంది. అక్కడ విడిపోయిన నీటి చుక్క ముందుకి ఎగిరి, గాలికి వేగం తగ్గి ఆగుతుంది. అంతలో నేను వెళ్లి దాన్ని గుద్దుకుంటాను. మడ్‌గార్డు ముక్కు పొడుగ్గా ఉంటే ఇది తగ్గుతుంది, పూర్తిగా పోదు. రెండోది రేడియేటర్‌కి. చక్రం వెనక వైపు పైకి తిరుగుతుంటుంది కాబట్టి అక్కడి బురదంతా తిన్నగా రేడియేటర్ మీదకి, ఇంజిన్ మీదకి, బెండు పైపు మీదకి కొడుతుంది. కింది మడ్‌గార్డు తోక సరిగ్గా అక్కడే అడ్డం నిలబడేది. పైదానికి అక్కడ ఏమీ లేదు.

ఇంటికొచ్చేసరికి రేడియేటర్ రెక్కల మధ్య మట్టి ఆరిపోయి ఇటుకలా ఉంది. మెల్లటి నీటి ధారతో, వెనక నుంచి ముందుకి కడిగాను. ప్రెషర్ పైపు పెడితే రెక్కలు పడుకుంటాయి.

ఫోర్కు గొట్టాలు కూడా మట్టిలో నానుతున్నాయి. ఆయిల్ సీల్ పెదవి కింద ఇసుక చేరితే ఎన్నాళ్లో ఉండదు. రబ్బరు గేటర్లు (గొట్టాలని కప్పే మడతల తొడుగులు) వేశాను.

పంతొమ్మిదో రోజు

హైవే. 80 దాకా బాగానే ఉంది. 95 దాటగానే హ్యాండిల్‌లో సన్నటి వణుకు. కిందకి చూస్తే మడ్‌గార్డు ముక్కు పైకీ కిందకీ కొట్టుకుంటోంది. ఎదురుగా లారీ వచ్చి దాటినప్పుడు ఎవరో హ్యాండిల్ పట్టుకుని పక్కకి తోసినట్టు అయింది.

ఇది అర్థమవడం కష్టం కాదు. మడ్‌గార్డు హ్యాండిల్ తిరిగే ఇరుసుకి ముందు ఉంటుంది, తెరచాపలా గాలి పట్టుకుంటుంది. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 110కి వెళ్తే వేగం మూడో వంతు పైన పెరుగుతుంది, తోపు మాత్రం దాదాపు 1.9 రెట్లవుతుంది. పుట్టుకతోనే పై మడ్‌గార్డు ఉన్న కవాసాకి కేఎల్‌ఆర్ 650 మీద దూరాలు తిరిగేవాళ్లు చాలామంది కింది మడ్‌గార్డు గానీ ఫోర్కు బ్రేసు (రెండు కాళ్లనీ కలిపి బిగించే ముక్క) గానీ వేసుకోవడానికి కారణం ఇదే.

బ్రేసు అనగానే ఒకటి గుర్తొచ్చింది. నా పాత మడ్‌గార్డు లోపల రెండు ఫోర్కు కాళ్లనీ కలుపుతూ ఒక ఇనుప వంతెన ఉండేది. ప్లాస్టిక్‌తో పాటు దాన్నీ తీసి పక్కన పడేశాను. అది మడ్‌గార్డు పట్టీ మాత్రమే కాదు, రెండు కాళ్లూ విడివిడిగా మెలితిరగకుండా ఆపేది కూడా.

ఇరవై ఒకటో రోజు

వణుకు మీద పని. వంతెనని మళ్లీ బిగించాను. మడ్‌గార్డు ముక్కు నాలుగు వేళ్లు కోశాను. మడ్‌గార్డు మధ్యలో పొడవునా సన్నటి అల్యూమినియం పట్టీ వేశాను, పై వైపున. అందరూ కింద వేస్తారు, కనపడకుండా ఉంటుందని. కింద వేస్తే కష్టపడి సంపాదించిన 21లోంచి 3 పోతుంది.

ఇంత చేశాక నడిపితే వణుకు తగ్గింది గానీ పోలేదు. చిరాకేసి ముందు చక్రం గాల్లోకి లేపి ఫోర్కు కాళ్లు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాను. టక్, టక్. కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, వదులైంది. ఎప్పటినుంచో వదులుగానే ఉండి ఉంటుంది, కింది మడ్‌గార్డు ఉన్నన్నాళ్లూ గాలి పట్టక బయటపడలేదు. బిగించి, హ్యాండిల్ తన బరువుతో తనే రెండు వైపులకీ పడేంత వదులు చూసుకున్నాను. ఇప్పుడు 110 దాకా నిబ్బరంగా ఉంది. దానిపైన గుబ్బల టైరుతో నేను వెళ్లను.

కాబట్టి ఎవరైనా "పై మడ్‌గార్డు వేస్తే బండి ఊగుతోంది" అంటే నేను మొదట కోన్ సెట్ చూడమంటాను. మడ్‌గార్డు సగం దొంగే.

ఇరవై ఆరో రోజు

రేడియేటర్ గొడవ ఇంకా మిగిలే ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016లో వచ్చినప్పుడు దాని ముందు రెండు మడ్‌గార్డులు చూసి నవ్వాను, పైన ముక్కు ఒకటి, కింద చక్రానికి ఇంకొకటి. ఇప్పుడు నవ్వు రావట్లేదు.

పాత కింది మడ్‌గార్డుని బల్ల మీద పెట్టి, ఫోర్కుకి ముందున్న భాగం, చక్రం నెత్తి మీదున్న భాగం రంపంతో కోసేశాను. ఫోర్కు వెనక ఉండే తోక మాత్రం మిగిల్చాను. దాన్ని వంతెనకే, టైరుకి 40 మి.మీ. దూరంలో బిగించాను. బురద బిగుసుకునేది నెత్తి మీద, రెండు అంచుల మధ్య. తోక దగ్గర కింద అంతా తెరిచే ఉంటుంది కాబట్టి మట్టి జారిపోవాలి. ఇది నా లెక్క. కోసేటప్పుడు మాత్రం చెయ్యి కొంచెం ఆగింది, కోసింది మళ్లీ అతకదు కదా.

పెద్దాయన చూసి, "ఇదేంటి తమ్ముడూ, పైనా కిందా రెండూనా?" అన్నారు.

"ఒకటిన్నర అన్నా."

ముప్ఫైయో రోజు

పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగాం. బంకమట్టి, గుంటల్లో నీళ్లు, రాళ్ల వాగు, తిరుగు దారిలో గంట హైవే. చక్రం ఒక్కసారీ బిగుసుకోలేదు. తోక లోపల మట్టి పట్టింది గానీ వేలితో తోస్తే ఊడిపడింది. రేడియేటర్ కింది మూల మీద మాత్రమే బురద చుక్కలున్నాయి. మొహం మాత్రం మామూలే. కోసిన ముక్కు తాలూకు ఫలితం అది, గాగుల్స్ తుడుచుకుంటూ పోవడమే.

టైరు నిజంగా ఎంత దగ్గరికి వస్తుందో చూడాలని బయల్దేరే ముందు ఒక చిన్న పని చేశాను. పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే ముద్ద ఒకటి, 50 మి.మీ. మందంలో, పై మడ్‌గార్డు కింద టైరుకి సరిగ్గా ఎదురుగా గట్టిగా అంటించాను. వాగు దగ్గర ఒక గట్టు మీంచి బండి కొంచెం గట్టిగానే పడింది, ఫోర్కు చివరిదాకా పోయిందనే అనిపించింది. ఇంటికొచ్చి బురద కడిగి చూస్తే ముద్ద అలాగే ఉంది, మధ్యలో టైరు గుబ్బ అచ్చు చక్కగా దిగింది, నీలం క్లే మీద నల్లటి చారలతో. అచ్చు అడుగున మిగిలిన మందం స్కేలు పెట్టి కొలిచాను. 27 మి.మీ.